మెర్సీ పెండ్లికి రాజు బీడీ మానేసినాడు

మా మరిది సాల్మన్ రాజు బీడీ మానేసినాడని తెలిసిన ఆదివారం మా మిషన్ కాంపౌండులో పండగే పండగ. ఆరాధన అయినంక అయ్యగారు వాణ్ణి ముందర నిలబెట్టి చప్పట్లు కొట్టించినారు. పక్కింటి శాంతమ్మ పిలిచి గ్లాసు నిండా కాఫీ ఇచ్చింది. ఆయమ్మ ఇచ్చిందని ఎదురింటోళ్ళు ఇచ్చినారు, వాళ్ళు ఇచ్చినారని మూలింటోళ్ళు ఇచ్చినారు. బీడీ మీదికి మనసు పోయినప్పుడంతా మా ఇంటికి రా రాజూ, కాఫీ తాగి పో అని తలా ఒక మాట. నేనూ మురిసిపోయినాను, యాల అబద్ధం చెప్పల్ల? ఆ బీడీలను నేను తిట్టని తిట్టు లేదు. ఆ పొగ ముక్కులో పడితే నాకు కోపం నషాళానికి ఎక్కుతాది.

నా పేరు దయామణి. బడి హాస్టల్లో వంట చేస్తాను. నా నోరు మంచిది కాదని మదనపల్లిలో సగం మందికి తెలుసు. మిగతా సగం మంది మా హాస్టల్లో అన్నం తినలేదు కాబట్టి తెలీదు. రాజు నా మాదిరి కాదు, నోట్లో నాలిక లేనోడు. టమోటా మండీ వెనక రేకుల షెడ్డులో కూర్చొని పగిలిపోయిన ప్లాస్టిక్ క్రేట్లకు కట్టుతీగతో కుట్లేస్తాడు. నేను నిలబడుకొని తిట్టినా నవ్వి ఊరుకుంటాడు, దాంతో నాకు ఇంకా మండతాది.

వానికి ఐటీఐ చదివేటప్పుడు ఒంట్లో బాగలేకుండా పోయింది. ఒంట్లో అంటే తలలో. ఎవరూ లేని తావున ఎవరో తిట్టినట్ల, పేరు పెట్టి పిలిచినట్ల వినపడేది. వాడు దానికి జవాబు చెప్పేవాడు. మా ఇంటాయన తమ్ముడి కోసం ప్రార్థనలూ పెట్టించినాడు, ఆసుపత్రులకూ తిప్పినాడు. ఒకటి చేసినానని ఇంకొకటి మానలే. రకరకాల మాత్రలు చూసినారు. కొన్ని పని చెయ్యలే. కొన్ని పని చేసినా కాళ్ళూ చేతులూ కొయ్య మాదిరి బిగుసుకుపోయేవి. కడాకు క్లోజపిన్ అనే మాత్ర కుదిరింది.

అది నీళ్ళు పోసుకొని మింగేసి మర్చిపోయే మాత్ర కాదు. నెలనెలా రక్తమిచ్చి తెల్లకణాలు తగ్గలేదని చూపించుకోవల్ల. జొరమొచ్చినా, గొంతు నొప్పి పుట్టినా ఆ దినమే డాక్టరుకు చెప్పల్ల. ఒక తూరి వాడు, బాగానే ఉండాను కదా అని ఎవరికీ చెప్పకుండా ఆపేసినాడు. ఎక్కువ దినాలు కాకముందే వాయల్పాడు బస్టాండులో గోడతో కొట్లాడతా దొరికినాడు. ఆపింది నిండు మోతాదులో అయినా మళ్ళీ మొదలుపెట్టేది చిన్న మోతాదుతోనే అని డాక్టరమ్మ చెప్పింది. దినాల కొద్దీ మెల్లగా మోతాదు ఎక్కించుకుంటా వచ్చేసరికి మా ప్రాణాలు తోకకొచ్చినాయి. అప్పటినుంచి వాడు ఆ మాత్ర విషయంలో మటుకు ఎవరి మాటా వినడు, నా మాట కూడా.

మా ఇంటాయన పోయినప్పుడు మా మెర్సీ చిన్న బిడ్డ. నేను పొద్దు పొడవకముందే హాస్టలు పొయ్యి కాడికి పోవల్ల. బిడ్డను లేపేది, సైకిలు మీద బడికి తీసుకొనిపోయేది అంతా రాజే. నేను జడ గట్టిగా లాగి వేస్తానని అది ఏడస్తా ఉంటే, వాడు నాతో తిట్లు తింటానే మెల్లగా జడ వేసేది నేర్చుకున్యాడు. మండీలో మొగోళ్ళు నవ్వినా మానుకోలే. నాయన లేని బిడ్డ అని నేను అంటే మెర్సీకి కోపమొస్తాది. యాలమ్మా, చిన్నాయన ల్యాడా అంటాది.

ఇప్పుడు మెర్సీ కుప్పంలో ఒక బడిలో టీచరు. ఆడనే జాకబ్ అనే పిల్లోనితో పెండ్లి కుదిరింది. గ్రానైటు రాళ్ళు పాలిష్ పట్టే మిషను నడుపుతాడు, మంచి పిల్లోడు. రాజు సంగతి మొదటి దినమే దాచకుండా చెప్పేసినాము. జాకబ్ వాళ్ళమ్మ, ఎవరింట్లో ఏ జబ్బు లేదు వదినా అని నా చెయ్యి పట్టుకొనింది. ఆ ఒక్క మాటకు నేను ఆయమ్మ పెట్టిన చప్పటి సాంబారును కూడా మెచ్చుకున్యాను.

మాలో పెండ్లికూతురిని నాయన చెయ్యి పట్టుకొని చర్చిలోకి నడిపించుకొని పోతాడు. ఈ బిడ్డను ఇచ్చేది ఎవరని అయ్యగారు అడిగితే, నేనని అందరికీ వినపడేటట్ల చెప్పల్ల. ఆ పని చిన్నాయనదే అని మెర్సీ ముందే తేల్చి చెప్పేసింది. రాజు ఆ మాట విన్యప్పటినుంచి నేల మీద నిలబడితే ఒట్టు. షెడ్డులో ఎవరూ లేనప్పుడు క్రేట్ల మధ్యన చెయ్యి మడిచి పెట్టుకొని మెల్లగా నడిచేది నేర్చుకుంటాండాడని మండీ వాళ్ళు నాకు చెప్పినారు. ఆ ముక్క చెప్పి వాళ్ళు నవ్వినారు, నాకు మాత్రం కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

ఒక దినం మెర్సీ ఫోన్లో ఊరికే అనింది, చిన్నాయనా, నా తెల్లకోకకు బీడీ వాసన పడతాది, ఆ ఒక్క దినం మటుకు తాగొద్దు అని. ఇంగ చూడు. ఒక్క దినం అంటే వానికి లెక్క లేదు. ఆ పొద్దే జేబులో ఉండే కట్టను తీసుకొనిపోయి చెత్తలో వేసినాడు. దినానికి కట్టకు కట్ట తాగే మనిషి, ఒక్క బీడీ ముట్టలే. అదీ మా కాంపౌండు పండగకు కారణం.

పండగ ఎక్కువ దినాలు నిలవలే. మొదట వాడు పొద్దెక్కినా లేవకుండా పోయినాడు. లేపితే కండ్లు తెరిచి మళ్ళీ మూసేస్తాడు. దిండంతా ఎంగిలితో తడిసిపోయింటాది. లేచి నిలబడితే తల తిరిగి గోడ పట్టుకుంటాడు. మాట ముద్దముద్దగా వస్తాది. అలవాటు మానుకుంటే ఒళ్ళు అట్లే తిరగబడతాదిలే అని శాంతమ్మ అనింది. అదీ నిజమేమో అనుకున్యాము. నిద్రమత్తు పోవల్లని ఇంకా రెండు గ్లాసులు చిక్కటి కాఫీ తాగించినాము. ఎంత తాగించినా వాడు ఇంకా తూగతానే ఉండాడు.

ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తే, ఎవరో తట్టినట్ల చెయ్యి ఎగిరి గ్లాసు గోడకు పోయి కొట్టుకొనింది. తట్టినోళ్ళు ఎవరూ లేరు. వాడు తన చెయ్యిని చూసుకొని భయపడినాడు. పెండ్లి దగ్గరికొచ్చేసింది, ఈ మనిషి నాలుగడుగులు నడవలేకుండా ఉండాడు, నా బిడ్డ చెయ్యి పట్టుకొనేది ఎట్ల?

శబ్దం విని రాజరత్నం మాస్టరు వచ్చినారు. రిటైరైన హెడ్మాస్టరు, మా కాంపౌండులో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందుండే మనిషి. ఆయన రాజును కిందికీ పైకీ చూసి, ఇదంతా ఆ మాత్రల వేడి దయామణీ, పెండ్లి అయ్యేదాకా ఆపేయి, మనిషి తేటగా ఉంటాడు, తర్వాత మామూలుగా వేసుకోనీ అన్యారు. ఆయన మీద నాకు గౌరవం. నాకు కూడా ఆ పూట మాత్రల మీద అంత కోపముండింది, డబ్బా ఎత్తి బయట పారేద్దామన్నంత. చెయ్యి డబ్బా మీదికి పోయింది కూడా.

రాజు మంచం మీద నుంచి నా కోక కొంగు పట్టుకున్యాడు. నాలిక తిరక్కపోయినా ఒక్కొక్క ముక్కా ఏరి చెప్పినాడు. "వదినా, ఆపొద్దు. వాయల్పాడు నువ్వు మర్చిపోయినావేమో, నేను మర్చిపోలే. డాక్టరమ్మను అడుగుదాం పద."

మాస్టరు పెద్దమనిషి కదా, పోయి బస్టాండుకు ఆటో పిలుచుకొచ్చింది ఆయనే. ఫ్లారెన్స్ డాక్టరమ్మ ఆ దినం పుంగనూరు క్లినిక్కులో కూర్చుంటాది. ఫోను చేస్తే, ఒంటరిగా పంపొద్దు, ఇప్పుడే తీసుకొని రండి అనింది. బస్సులో వాడు నా భుజం మీద తల పెట్టుకొని దారంతా నిద్రపోయినాడు. మంచికి పోయి బీడీ మానితే ఇదేం గతి ప్రభువా, కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడినట్లయిందే అని నేను లోపల గొణుక్కుంటాండాను. గొణుక్కున్యాను కానీ, రెండింటికీ ముడి ఉండాదని నాకు తట్టలే.

డాక్టరమ్మ వాణ్ణి పండుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నా ముందరనే, దొడ్డికి సరిగ్గా అవుతాండాదా అని అడిగింది. వాడు సిగ్గుతో గోడకు తిరుక్కున్యాడు. సిగ్గుపడేది కాదప్పా, ఈ మాత్రతో మలబద్ధకం ముదిరితే ప్రాణం మీదికొస్తాది, ప్రతిసారీ చెప్పల్ల అనింది. తర్వాత కొత్త మాత్రలేమన్నా వేసినారా, జొరమొచ్చిందా, ఏమన్నా మార్పుండాదా అని నన్ను అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఏమీ మారలేదమ్మా, ముందరికంటే మంచోడైనాడు, బీడీలు కూడా మానేసినాడు, దానికి ఫలం ఇదీ అన్యాను.

ఆయమ్మ రాసేది ఆపేసింది. ఎప్పుడు మానేసినావప్పా అని అడిగింది. వాడు చెప్పినాడు. నాతో యాల చెప్పలే అనింది. రాజు నవ్వడానికి చూసినాడు, మూతి వంకర పోయింది. మంచి పనికి డాక్టరుతో చెప్పేదేముందమ్మా అన్యాడు.

అప్పుడు ఆయమ్మ కుర్చీ దగ్గరికి లాక్కొని మాకు విడమరిచి చెప్పింది. బీడీ పొగ లోపల ఉన్నన్నాళ్ళూ ఈ మాత్రను ఒళ్ళు తొందర తొందరగా కరగదీసి బయటికి పంపేస్తాదంట. దానికి సరిపోయేటట్లే వానికి అంత పెద్ద మోతాదు పెట్టినారు. ఇప్పుడు పొగ ఆగిపోయింది, మాత్ర మాత్రం అంతే పడతాండాది. బయటికి పోయే తూము మూసేసి మడికి నీళ్ళు పెడతానే ఉంటే ఏమైతాది, కట్ట తెగతాది కదా. చేతులు అట్ల ఎగిరిపడేది, మూర్ఛ వచ్చేదానికి ముందు గుర్తంట. కాఫీ ఎంత తాగతాండాడని కూడా అడిగింది. మా కాంపౌండు కాఫీల కథ చెప్తే తల పట్టుకొనింది. ఎక్కువ కాఫీ కూడా ఈ మాత్రను ఒంట్లో నిలవ చేస్తాదంట. అయ్యో నా తండ్రీ, మేమంతా కలిసి ప్రేమగా పోసింది వానికి విషమయిందే అని నేను ఆడనే కూలబడినాను.

"మీరు విషం పొయ్యలేదమ్మా. బీడీ మానేది శానా మంచిది. మానేసే ముందు నాకొక మాట చెప్పింటే, దానికి తగినట్ల మాత్ర తగ్గించుకుంటా వచ్చేదాన్ని. నేను కూడా ఈ సంగతి ఇంకో నాలుగుసార్లు చెప్పుండల్ల," అనింది.

అయితే ఈ రాత్రి నుంచి మాత్ర ఆపేద్దామా అని అడిగితే, నీళ్ళు నిండినాయని మడినే ఎండగట్టరు కదా అని నవ్వింది. ఒంట్లో మాత్ర ఎంత చేరిందో చూసేదానికి రక్తం తీసి బెంగుళూరుకు పంపింది. కండ్ల ముందర ఉండల్లని క్లినిక్కులోనే పడక ఇచ్చింది. మాత్ర ఎంత తగ్గించల్లనో ఆయమ్మే చూసుకుంటాది, మేము చేతులు పెట్టేది లేదు. తగ్గించేటప్పుడు మళ్ళీ ఆ తిట్టే, పిలిచే గొంతులు మొదలవచ్చు, మొదలైతే దాచొద్దు అని రాజుకు గట్టిగా చెప్పింది. వాడు తల ఊపినాడు కానీ మొగం చిన్నబోయింది. ఎక్కువైతే తూగుడు, తక్కువైతే గొంతులు, ముందు నుయ్యి వెనక గొయ్యి. నడిమధ్యన నా బిడ్డ పెండ్లి.

మెర్సీ విషయం తెలిసి కుప్పం నుంచి బస్సెక్కి ఉరుక్కుంటా వచ్చింది. వచ్చీ రాగానే వాని కాళ్ళ దగ్గర కూర్చొని బ్యాగులోంచి ఏం తీసిందనుకుంటారు? బీడీల కట్ట. టీచరమ్మ, అంగట్లో నిలబడుకొని బీడీలు అడిగి కొనుక్కొచ్చింది. నా మాటకే నీకు ఇట్లయింది చిన్నాయనా, తాగు, వాసనొచ్చినా నాకేం లేదు, నువ్వు మామూలుగా ఉంటే చాలు అని ఒకటే ఏడుపు. నేను ఆ కట్ట పెరుక్కొని మెర్సీని మాటలతో వాయించేసినాను. మాత్ర తగ్గించినంక మళ్ళీ బీడీ పడితే ఉండే కాస్త మాత్రా కరిగిపోయి గొంతులు ఎగదన్నుకొస్తాయి, మానేది చెప్పి మానల్ల, పట్టేది కూడా చెప్పకుండా పట్టేది లేదు, ఇంత చదువుకొని అడిగి చేసేది తెలీదా అని అరిచినాను. అప్పుడే నేర్చుకున్న ముక్కలు, వేడివేడిగా అప్పజెప్పినాను.

రాజు దాని తల మీద చెయ్యి పెట్టినాడు. "మానేసింది మానేసినట్లేలే బిడ్డా. ఒకటే మాట. నాకు ఆ దినం ఆడ, అంతమంది మధ్యన, గొంతులొస్తే ఎట్ల? మాస్టరు నడిపిస్తారులే నిన్ను. నేను వెనక వరసలో కూర్చుంటా."

మెర్సీ కండ్లు తుడుచుకొనింది. "నువ్వు రాకపోతే నేను ఒక్కదాన్నే నడుస్తా చిన్నాయనా. ఇంకొకరి చెయ్యి పట్టుకోను," అనింది. మొండితనం నాదే, ఎవరినని ఏమి లాభం.

ఆ తర్వాత దినాలు ఎట్ల గడిచినాయో నాకే తెలుసు. చేతులు ఎగిరిపడేది నిలిచిపోయింది. ఇంటికొచ్చినంక దిండు తడిసేది తగ్గింది, మాట తేట పడింది. సైకిలు ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పిందని, మాస్టరు రోజూ వాణ్ణి షెడ్డు దాకా నడిపించుకొని పోయి వదిలిపెట్టేవారు. శాంతమ్మ కాఫీ మాని మజ్జిగ ఇచ్చేది మొదలుపెట్టింది. మధ్యలో ఒక దినం రాజు పని విడిచిపెట్టి మధ్యాన్నమే ఇంటికొచ్చి, వదినా, షెడ్డులో ఎవరో నా పేరు పిలిచినారు, ఎవరూ లేరు అన్యాడు. చెప్పినందుకే నేను వానికి ముద్దు పెట్టుకోవల్లనుకున్యాను, మరిదికి ముద్దు పెడితే బాగుండదని ఫోను తీసుకున్యాను. డాక్టరమ్మ మాత్రలో ఒక పిసరు సర్దింది. అది సరిపోయిందో లేదో పెండ్లి దినానికి గానీ తెలీదు.

వ్యానులో పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం పోయినాము. మాత్రలు పెట్టెలో పెట్టకుండా నా ఒళ్ళోనే పెట్టుకున్యాను. చర్చి నిండా జనం, ఈ పక్క తమిళం, ఆ పక్క కన్నడం, నడిమధ్యన మా తెలుగు గోల. వాకిట్లో రాజు మెర్సీ చెయ్యి తన చేతిలో పెట్టుకొని నిలబడినాడు. పాట మొదలయింది. మెల్లగా, ఒక్కొక్క అడుగు, క్రేట్ల మధ్యన నేర్చుకున్నట్లే నడిచినాడు. పీఠం కాడికి వచ్చేసినారు.

అయ్యగారు పుస్తకం నుంచి తలెత్తకుండా, "ఈ కన్యకను ఈ వివాహములో ఇచ్చువారెవరు?" అని అడిగినారు.

రాజు తలెత్తి పైకప్పు చూసినాడు. ఈ పక్క గోడ చూసినాడు, ఆ పక్క గోడ చూసినాడు. జనంలో గుసగుస లేచింది. అయ్యగారు తలెత్తినారు. నాకు అర్థమైపోయింది. తన మీదికి ఏదన్నా మాట వచ్చినప్పుడు, అది బయటి మాటో లోపలి మాటో వానికి గట్టిగా తెలీదు. అట్లాంటప్పుడు జవాబు చెప్పకుండా, పక్కనుండే నమ్మకమైన మనిషిని అడగల్లని డాక్టరమ్మ నేర్పించింది. నేను సగం లేచినాను. నేను వాని పక్కన లేను, వాడు అడిగేది ఎవరిని?

వాడు మెర్సీ వైపు వంగినాడు. ముందు వరసలో ఉండేదాన్ని కాబట్టి నాకు వినపడింది. "బిడ్డా, ఎవరో అడిగినట్లుండాది. నీకూ వినపడిందా?"

మెర్సీ ముసుగు పక్కకు తోసింది. సిగ్గు లేదు, తొందర లేదు. "నాకూ వినపడింది చిన్నాయనా. అయ్యగారే అడగతాండారు. నిన్నే."

రాజు ఊపిరి పీల్చుకొని నిటారుగా నిలబడినాడు. "నేనే. మా అన్న బదులు నేను ఇస్తాండాను," అన్యాడు. నోట్లో నాలిక లేనోడని నేను ఇంతకాలం చెప్పుకున్న మనిషి, ఆ కడా వరసలో ఉండే ముసలోళ్ళు కూడా తలెత్తి చూసేటట్ల చెప్పినాడు. మెర్సీ చెయ్యిని జాకబ్ చేతిలో పెట్టి, రెండు చేతుల మీదా తన చెయ్యి కొంచేపు ఉంచినాడు. నేను ఏడ్చినాను. గట్టిగానే ఏడ్చినాను, ఎవరు చూస్తే నాకేం.

వాడు మెల్లగా వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్యాడు. నుదురంతా చెమట. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టినారు. అందరూ కండ్లు మూసుకున్యాక నా చెవి దగ్గర మెల్లగా అడిగినాడు, వదినా, నేను చెప్పింది అందరికీ వినపడిందా అని.

"కుప్పమంతా వినపడిందప్పా," అన్యాను.